దర్రీ పరిచిన చోటే రంగస్థలం: హనుమకొండలో పన్నెండు సాయంత్రాల నాటక శిబిరం

మా అమ్మాయి ఎప్‌సెట్ రాసి వచ్చిన మూడో రోజు దుకాణంలోకి వచ్చి, "అమ్మా, పదిహేను వందలు ఇస్తావా? నాటకం నేర్చుకుంటాను" అని అడిగింది. నేను అప్పుడు స్కూలు యూనిఫారాల గుడ్డ కత్తిరిస్తున్నాను. బడులు తెరిచేలోపు వందకు పైగా జతలు కుట్టి ఇవ్వాలి. కత్తెర ఆపకుండానే ఏ నాటకం అన్నాను. "ఏ నాటకమూ కాదు. రేపటి గురించి మా ఆశలు ఏమిటో మేమే అప్పటికప్పుడు అల్లి, బయట జనం మధ్య ఆడాలి. ముందుగా రాసుకున్న మాటలు ఉండవు" అంది. కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించినట్టు ఉంటుందేమో అనిపించింది. అయినా రెండేళ్ళు గది దాటకుండా చదివిన పిల్ల ఎండలో, గాలిలో నలుగురితో తిరుగుతుందని డబ్బు ఇచ్చాను.

శిబిరం ముగిసి వారం అయింది. మా వీధిలో నలుగురు తల్లులు వచ్చి, తరువాతి విడతకు పిల్లలను పంపవచ్చా అని అడిగారు. వాళ్ళకు చెప్పిన దాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్కలు. రుసుము 1,500 రూపాయలు. ప్రభుత్వ కళాశాలల్లో చదివేవారికి 500. పదిహేను నుంచి ఇరవై రెండేళ్ళ వయసు వారికి మాత్రమే ప్రవేశం. మొత్తం ఇరవై నాలుగు మంది చేరారు, వారిలో అమ్మాయిలు ఏడుగురే. శిక్షకులు ఇద్దరు, ఒకాయన నలభై దాటినవాడు, ఇంకొక అమ్మాయికి ముప్పై లోపే ఉంటాయి. సమయం సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది వరకు. మే నెలలో వరంగల్ ఎండ తెలిసినవారికి ఆ సమయం ఎందుకో చెప్పనవసరం లేదు. మొదటి నాలుగు రోజులు ఒక బడి ఆవరణలో సాధన. ఆ తరువాత ఖిలా వరంగల్‌లో పడమర కోట, కొత్తవాడ, చివరగా పబ్లిక్ గార్డెన్‌లో ప్రదర్శనలు. మధ్య రోజుల్లో తిరిగి సాధన.

సామగ్రి అంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక పెద్ద వరంగల్ దర్రీ (మగ్గం మీద నేసిన జంపఖానా), మనిషికి ఒక ఎర్ర తువ్వాలు, ఒక డోలు. దర్రీ పరిస్తే అదే రంగస్థలం, మడిస్తే నాటకం అయిపోయినట్టు. తువ్వాలు నడుముకు చుట్టుకుంటే కూలి మనిషి, తలకు చుట్టుకుంటే రైతు, భుజాన వేసుకుంటే నాయకుడు, చేతుల్లో ఉండచుడితే చంటిబిడ్డ. గుడ్డతో బతికే దాన్ని కనుక నా చూపు మొదట ఆ తువ్వాళ్ళ మీదే పడింది. అంచులు మడిచి కుట్టనివి, తానులోంచి చించినవి.

మూడో రోజు కాసేపు కూర్చుని చూస్తానంటే ఒప్పుకున్నారు. ఆ రోజు నేర్పినది ఊకొట్టడం. చిన్నప్పుడు కథ వింటూ ఊ కొట్టినట్టే. ఒకరు దర్రీ మీదికి వచ్చి ఏదో ఒకటి మొదలుపెడతారు. రెండోవారు "కాదు" అనకూడదు. ముందు ఊ కొట్టాలి, ఆ మాట మీద ఇంకో మాట పేర్చాలి. "ఇది నది" అని ఒకరు అంటే "కాదు, రోడ్డు" అన్న మరుక్షణం కథ చచ్చిపోతుంది. "అవును, దీని మీద వంతెన లేదు" అంటే అప్పుడు నడుస్తుంది. వినడానికి తేలికే. ఆ గంటలో పిల్లలు ఎన్నిసార్లు "కాదు" అన్నారో నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను, రెండు చేతులూ చాలలేదు. ఎదుటివాడి మాట పూర్తిగా వినకుండానే మన మాట సిద్ధం చేసుకోవడం ఇళ్ళలో మేము నేర్పిన అలవాటే.

ఇది నాకు కొత్త విద్యలా అనిపించలేదు. మా పుట్టిల్లు ఐనవోలుకు దగ్గర. సంక్రాంతికి మల్లన్న జాతరలో ఒగ్గు కథ చెప్పే కళాకారులు పట్నం అనే రంగుల ముగ్గు వేసి కథ చెబుతుంటే రాత్రంతా మేలుకుని వినేవాళ్ళం. కథకుడు తలపాగా విప్పి కొంగులా వేసుకుంటే క్షణంలో ఆడమనిషి అయ్యేవాడు. వంత పాడేవాడు ఊ కొడుతూ, మధ్యలో ప్రశ్నలు వేస్తూ కథను నడిపించేవాడు. ముందు వరుసలో కూర్చున్న మా మేనమామ పేరు కూడా ఆ కథలోకి వచ్చేసేది. మల్లన్న కథ పాతదే అయినా ఆ రాత్రి మాటలు ఆ రాత్రివే. జనగామ ప్రాంతానికి చెందిన చుక్క సత్తయ్య వంటివారు ఆ కళను దేశమంతా చూసేలా చేశారు. శిబిరంలో అయిదో రోజు ఒక ఒగ్గు కళాకారుణ్ణి పిలిపించి పిల్లల చేత డోలు పట్టించారు. ఆ ఒక్క రోజుకే సగం రుసుము తీరిపోయిందని నా లెక్క. ఆయన ఇంకో రెండు రోజులు ఉండి ఉంటే ఎంత బాగుండేది! శిక్షకుల్లో పెద్దాయన బ్రెజిల్‌కు చెందిన నాటక దర్శకుడు అగస్టో బోవాల్ గురించీ చెప్పాడు. ఆయన నాటకంలో చూసేవాళ్ళు కథను ఆపి, తామే లేచి పాత్రలోకి రావచ్చట. వినగానే నాకు మా మేనమామ గుర్తుకు వచ్చాడు.

ఇక ప్రదర్శనలు. మొదటిది పడమర కోటలో, మట్టికోట గోడకు ఇవతల వేప చెట్టు కింద. తోరణాలు ఉన్న చోట ఆడలేదు, అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. వేప చెట్టు కిందే నయం, అక్కడ ఉన్నవాళ్ళు ఆ ఊరి మనుషులు. డోలు మోగగానే బీడీలు చుట్టే ఆడవాళ్ళు చేటలు పట్టుకునే వచ్చి కూర్చున్నారు. నలభై యాభై మంది చేరారు.

"పదేళ్ళ తరువాత మీ ఇల్లు" అన్నది అంశం. మొదట ఒకడు మేడ కట్టాడు, ఇంకొకడు లిఫ్టు పెట్టాడు, ఒక అమ్మాయి మేడ మీద తోట వేసింది. అందరూ నవ్వుతూ ఊ కొడుతున్నారు. అప్పుడు సన్నగా, పొడుగ్గా ఉండే ఒక అబ్బాయి దర్రీ మీదికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కింద ఉన్న సామాన్లు ఒక్కొక్కటే ఎత్తి మంచం మీద పెట్టడం మొదలుపెట్టాడు. మంచమూ లేదు, సామానూ లేదు. కానీ బియ్యం బస్తా ఎత్తినప్పుడు వాడి నడుము వంగిన తీరు చూస్తే బరువు మనకే తెలిసింది. పుస్తకాల సంచి, గ్యాసు పొయ్యి, ఆఖరున అమ్మమ్మ ట్రంకు పెట్టె. మేడ కట్టినవాళ్ళు బిక్కచచ్చి చూస్తున్నారు. నియమం ప్రకారం కాదు అనకూడదు. తోట వేసిన అమ్మాయే ముందుకు వచ్చి అడిగింది:

"నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయి?"

వాడు చెయ్యి నడుము దగ్గర పెట్టి చూపించాడు.

2023 జూలైలో కురిసిన వానలకు వరంగల్‌లో ఎన్ని కాలనీలు మునిగాయో ఇక్కడి వాళ్ళకు తెలుసు. చేటలు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. మేడ కట్టిన అబ్బాయి మెల్లగా వచ్చి ట్రంకు పెట్టె రెండో వైపు పట్టుకున్నాడు. అందరూ కలిసి సామాను ఎత్తారు. అంతా అయ్యాక ఆ పొడుగు అబ్బాయి తువ్వాలు తీసి గుమ్మం దగ్గర పరిచాడు. "పదేళ్ళ తరువాత కూడా వాన వస్తుంది. అప్పుడు నేను తలుపు తీసి పెట్టి, ఇక్కడే పడుకుని, వాన చప్పుడు వింటూ నిద్రపోతాను" అని, నిజంగానే పడుకుని కళ్ళు మూసుకున్నాడు. డోలు మీద ఒక పిల్ల వేళ్ళ కొనలతో చినుకులు కురిపించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా పక్కన ఉన్న పెద్దావిడ "పడుకో బిడ్డా" అంది, అంతే.

ఆ క్షణంలో శిక్షకుడు మైకు పట్టుకుని లేచాడు. చెరువులు కబ్జా కాకూడదనీ, నాలాలు పూడిక తీయాలనీ, మనమందరం మేలుకోవాలనీ ఐదు నిమిషాలు మాట్లాడాడు. ప్రతి మాటా నిజమే. కానీ ఆ అబ్బాయి మా కళ్ళ ముందు పరిచిన తువ్వాలు ఆ మాటల కింద పడి నలిగిపోయింది. ఈ శిబిరం మీద నా పెద్ద ఫిర్యాదు ఇదే. ప్రతి ఆట చివరా ఇలాగే జరిగింది. పిల్లలు ఆడినది జనానికి అర్థం కాదేమో అన్న భయం దీని వెనుక ఉంది. బీడీలు చుట్టే ఆవిడకు అర్థమైనంత బాగా ఇంకెవరికి అర్థం అవుతుంది? ఆ రాత్రే ఆయనతో ఈ మాట అన్నాను. నొచ్చుకోలేదు, ఆలోచిస్తానన్నాడు. పబ్లిక్ గార్డెన్‌లో ప్రసంగం రెండు నిమిషాలకు తగ్గింది. పూర్తిగా తీసేయాలని ఇప్పటికీ నా కోరిక.

కొత్తవాడ ప్రదర్శన అన్నిటికంటే గొప్పది. అక్కడి దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పిల్లలు పరిచిన దర్రీ కూడా ఆ వీధుల్లో నేసినదే. అరుగుల మీద పెద్దవాళ్ళు, మేడల మీద పిల్లలు. ఒక బృందం "మా ఊళ్ళో మా పని" అని మొదలుపెట్టి, మగ్గం ఉన్నట్టు నటించింది. ముగ్గురు కూర్చుని చేతులు అటూ ఇటూ ఆడిస్తున్నారు. రెండు నిమిషాలు కాకముందే అరుగు మీద నుంచి ఒక పెద్దాయన "ఆపండి" అన్నాడు. ఆటను ఎవరైనా ఆపవచ్చని మొదటే చెప్పారు కనుక పిల్లలు ఆగిపోయారు. ఆయన చేతికర్ర పక్కన పెట్టి దర్రీ మీదికి వచ్చాడు.

"పడుగు ఏది బిడ్డా? పడుగు లేకుండా పేక ఎక్కడ వేస్తావు?"

ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఆయనే తువ్వాళ్ళు అడిగి తీసుకుని, నలుగురిని ఒక వైపు, నలుగురిని ఎదురుగా నిలబెట్టి, ఒక్కో తువ్వాలు రెండు కొసలూ ఇద్దరి చేత బిగించి పట్టించాడు. "బిగువు తగ్గితే దర్రీ వంకర పోతుంది" అని తిరిగి తిరిగి సరిచూశాడు. మిగతా పిల్లలను ఒకరి వెనుక ఒకరిని ఆ తువ్వాళ్ళ కిందుగా, మీదుగా నడిపించాడు. పిల్లలే పడుగు, పిల్లలే పేక. డోలు వాయించే పిల్ల మగ్గం చప్పుడు పట్టుకుంది. అందులోంచి ఒక అబ్బాయి అడిగాడు: "తాతా, మీ మనవడు నేస్తాడా?" ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. "నేయడు. కానీ ఇప్పుడు నువ్వు నేస్తున్నావు కదా, ఆపకు" అన్నాడు. ఏ శిక్షకుడు రాయగలడు ఈ మాటలు?

1934లో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడిన నగరం ఇది. మిల్లు గుర్తు ఉన్నవాళ్ళకు ఆ తువ్వాళ్ళ బిగువు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మా నాన్నకు ఆ మిల్లులో పని చేసిన స్నేహితులు ఉండేవారు, సైరన్ మోగగానే వాళ్ళు సైకిళ్ళు తొక్కే వేగం గురించి ఆయన చెప్పేవాడు.

చివరి ప్రదర్శన పబ్లిక్ గార్డెన్‌లో. పక్కనే ధ్వన్యనుకరణ కళాకారుడు నేరెళ్ళ వేణుమాధవ్ పేరు మీద కళాప్రాంగణం ఉంది కానీ పిల్లలు చెట్ల కింద, గడ్డి మీదే ఆడారు. ఆయన ఊరు కనుక ధ్వన్యనుకరణ లేకుండా ఎలా? ఒక అబ్బాయి నోటితోనే విమానం దింపాడు. మామునూరు విమానాశ్రయాన్ని మళ్ళీ తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది కదా, అక్కడ మొదటి విమానం దిగే రోజును ఆడారు. దూరం నుంచి సన్నగా మొదలైన చప్పుడు దగ్గరవుతూ, చక్రాలు నేలకు తగిలి, ఆగేసరికి చిన్న పిల్లలు నిజంగానే పైకి చూశారు. విమానం దిగిన వాళ్ళలో ఒకరు దుబాయి నుంచి పన్నెండేళ్ళ తరువాత వచ్చిన తండ్రి. అతడిని తీసుకువెళ్ళడానికి వచ్చిన కొడుకు గుర్తుపట్టక పక్క నుంచి వెళ్ళిపోయాడు. కరీంనగర్, జగిత్యాల వైపు చుట్టాలు ఉన్న ప్రతి ఇంటికీ ఈ కథ తెలుసు. తండ్రి పాత్ర వేసిన అబ్బాయి వయసు పదహారు. తువ్వాలు భుజాన సర్దుకుని, కొడుకు వెనుకే నాలుగు అడుగులు దూరంగా నడుస్తూ వెళ్ళాడు, పిలవకుండా. పిలవకపోవడం వాడికి ఎలా తోచిందో!

మా అమ్మాయి వంతు వచ్చింది. కాజీపేట జంక్షన్. అందరూ సంచులతో రైలు ఎక్కుతున్నారు, ఒకరు హైదరాబాద్‌కు, ఒకరు బెంగళూరుకు. తోసుకుంటున్నారు, వీడ్కోలు చెబుతున్నారు. ఇది మాత్రం ఆ గుంపుకు ఎదురుగా నడుస్తోంది. "అందరూ ఎక్కుతుంటే నువ్వేమిటి, అడ్డం వస్తున్నావు?" అని ఒకడు అడిగాడు. "నేను దిగుతున్నాను" అంది. ఇంజనీరింగ్‌లో చేరడానికి హైదరాబాద్‌లో వసతిగృహం కూడా చూసి పెట్టిన తల్లిని నేను. ఆ మాట నాకు ముందెప్పుడూ చెప్పలేదు.

జనంలోంచి ఒక పెద్దమనిషి గట్టిగా అడిగాడు: "దిగి ఏం చేస్తావమ్మా?"

ఇంట్లో ఎవరైనా ఇలా అడిగితే అది ఠక్కున ఏదో ఒకటి చెప్పేస్తుంది. అక్కడ చెప్పలేదు. నిలబడింది. రైలు ఎక్కేవాళ్ళు కూడా ఆగిపోయారు. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం ఒక బ్లౌజు కుట్టేంత సేపు అనిపించింది. శిక్షకురాలు దర్రీ అంచునే ఉంది, ఒక్క మాట అందించలేదు, సైగ కూడా చేయలేదు. ఆ ఒక్క నిగ్రహానికి నేను ఆమెకు రుణపడి ఉంటాను. చివరికి మా అమ్మాయి అంది: "ముందు మా అమ్మ దగ్గరికి వెళ్ళి టీ తాగుతాను. తరువాతది అక్కడ కూర్చుని ఆలోచిస్తాను."

ఇంటికి వచ్చాక టీ పెట్టాను. రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఏమి నిర్ణయించామో మా ఇంటి సంగతి. కానీ ఆ రెండు గంటల్లో నేను ఒక్కసారి కూడా "కాదు" అనలేదు, ఊ కొట్టాను.

ఇప్పుడు లోపాలు. పంపే తల్లిదండ్రులు వీటిని అడిగి తేల్చుకోవాలి.

అమ్మాయిలు ఏడుగురే ఎందుకు చేరారు? ఎనిమిదింటికి ముగుస్తుందని చెప్పి ఎనిమిదిన్నర, ఒక రోజు తొమ్మిది చేశారు. తిరిగి వచ్చే ఏర్పాటు వాళ్ళది కాదు. నేనూ ఇంకో ఇద్దరు తల్లులూ కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నాం, దానికి మనిషికి 600 అయింది. దూరం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఈ కారణంతోనే ఆరో రోజు మానేసింది. ఆ పిల్ల ఊకొట్టడంలో అందరికంటే చురుకు. సమయం కచ్చితంగా పాటించి, ఆటో ఖర్చు రుసుములోనే కలిపి ఉంటే ఆమె ఆగిపోయేది కాదు.

మరుగుదొడ్డి. పడమర కోటలో ఒక ఇంటివాళ్ళు తలుపు తీశారు కనుక సరిపోయింది. ముందుగా ఎవరితోనూ మాట్లాడి పెట్టలేదు. ఏడుగురు ఆడపిల్లలను మూడు గంటలు బయట ఉంచేవాళ్ళు మొదట చూసుకోవాల్సింది ఇదే, డోలు కంటే ముందు.

వీడియోలు. కోట ప్రదర్శనలో పిల్లలు ఆడినది అదే రాత్రి ఫేసుబుక్కులో పెట్టారు, మమ్మల్ని అడగలేదు. వాన కథ ఆడిన అబ్బాయి ఇంటి కష్టం ఊరందరి ఫోన్లలోకి వెళ్ళాల్సిన పని లేదు. నేను ఫోను చేసిన గంటలోపు తీసేశారు, మరుసటి రోజు అందరి దగ్గరా అనుమతి పత్రం తీసుకున్నారు. తప్పు దిద్దుకున్న తీరు బాగుంది.

మైకు అసలు అక్కర్లేదు. పిల్లలకు గొంతు ఎత్తి, అక్షరం విరగకుండా మాట్లాడడం నాలుగు రోజులు నేర్పి, తీరా బయటికి వచ్చాక మైకు ఇస్తే ఆ నాలుగు రోజులు దండగ. కొత్తవాడలో కరెంటు పోయి మైకు ఆగిపోయినప్పుడే మాటలు మేడ మీది దాకా స్పష్టంగా వినిపించాయి.

ఇన్ని రాసినా, పంపవచ్చా అని అడిగిన నలుగురు తల్లులకూ పంపమనే చెప్పాను. బాగా మాట్లాడే పిల్లలకంటే, అడిగితే భుజాలు ఎగరేసి ఊరుకునే పిల్లలను ముందు పంపమన్నాను. మొదటి మూడు రోజులు ఇంటికి వచ్చి విసుక్కుంటారు, అది చూసి మాన్పించవద్దు. తాగునీరు ఇంటి నుంచే ఇచ్చి పంపండి. ప్రదర్శనకు తప్పకుండా వెళ్ళండి, కానీ ముందు వరుసలో కూర్చోవద్దు. మన ముఖం కనిపిస్తే వాళ్ళు మనకు నచ్చేదే ఆడతారు.

దసరా సెలవుల్లో మరో విడత ఉంటుందన్నారు. ఎనిమిదింటికి ముగిస్తామని, ఆటో ఏర్పాటు చేస్తామని మాట తీసుకున్నాను. నా వంతుగా ఇరవై నాలుగు తువ్వాళ్ళకు నాలుగు వైపులా అంచు మడిచి కుట్టి ఇస్తానని చెప్పి వచ్చాను. ఇప్పుడు ఉన్నవి కొత్తవాడలో పడుగై బిగిసిన రోజే పోగులు ఊడిపోయాయి.